రజతోత్సవ సంచికలో నా గురించి ఏం రాసుకోను?

ఉత్తరాంధ్రలో జిల్లా పరిషత్ హైస్కూలు టీచరుగా పనిచేస్తున్న ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. ఆమె ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 2001లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తి చేశారు. ఈ ఏడాది యూనివర్సిటీకి నూరేళ్లు, వాళ్ల బ్యాచ్‌కి పాతికేళ్లు ఒకేసారి వచ్చాయి. డిసెంబరులో విశాఖలో అందరూ కలవాలని, అందరి విజయాలతో ఒక సంచిక అచ్చు వేయాలని అనుకున్నారు. "నువ్వు తెలుగు బాగా రాస్తావు, సాయంత్రాలు ఖాళీయే కదా" అని వివరాలు సేకరించే పని ఈమెకు అప్పగించారు.

స్పెషలైజేషన్లన్నీ కలిపి 64 మంది ఉంటే ఇప్పటికి 27 మందే ఫారం నింపి పంపారు. వచ్చినవాటిలో కొన్ని చూస్తే నమ్మకం కలగడం లేదు. ఒకరు తనకు పది పేటెంట్లున్నాయని, ఒకరు ప్రపంచంలో అగ్రశ్రేణి 2 శాతం శాస్త్రవేత్తల్లో తానున్నానని, ఇంకొకరు అమెరికాలో 'పోస్ట్ డాక్టరేట్ పట్టా' పొందానని రాశారు. సంచిక ఖర్చుకు రెండు లక్షలిస్తున్న మిత్రుడు తనకు మొదటి రెండు పేజీలు కావాలని, ఈ మధ్య అందుకున్న గౌరవ డాక్టరేట్ వల్ల పేరుకు ముందు డాక్టర్ అని వేయాలని పట్టుబడుతున్నారు. బ్యాచ్‌లో ఇద్దరు చనిపోయారు, వాళ్ల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. వసూలైన డబ్బు ఈమె ఫోన్‌పే ఖాతాలోనే జమవుతోంది.

వీటన్నిటికంటే ఆమెను ఎక్కువగా బాధపెడుతున్నది వేరే ఉంది. తన ఫారం ఇంతవరకు తాను నింపలేదు. హైదరాబాద్‌లో ఒక బల్క్ డ్రగ్ కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో నాలుగేళ్లు పనిచేసి, 2005లో మానేశారు. తర్వాత తొమ్మిదేళ్లు ఇల్లు, పిల్లలు, డయాలసిస్ మీదున్న అత్తగారు. ఆ మధ్యలోనే బీఈడీ. 2014 నుంచి ప్రైవేటు జూనియర్ కాలేజీ, 2020 నుంచి స్కూల్ అసిస్టెంటు. "అవార్డుల గడిలో గీత పెట్టాలి, పేటెంట్ల గడిలో గీత పెట్టాలి. గీతలు పెట్టుకోవడానికి నేనెందుకు కనిపించాలి?" అని అడిగారు. వాళ్లాయన "ఎందుకీ తలనొప్పి, వదిలెయ్" అంటున్నారట.

సమాధానం:

ముందు ఆ ఫారం సంగతి చూద్దాం. మీ బాధలో సగం అక్కడే పుట్టింది. మీరు జతచేసిన కాపీలో ఏడు గడులున్నాయి: ప్రస్తుత హోదా, సంస్థ, దేశం, అవార్డులు, పేటెంట్లు–ప్రచురణలు, జీవిత భాగస్వామి ఉద్యోగం, పిల్లల చదువులు–ర్యాంకులు. మనిషి పాతికేళ్లలో చేసిన పనేమిటో రాయడానికి వీటిలో ఒక్క గడి కూడా లేదు. ఈ కాగితం చేతికొస్తే పెళ్లి చేసుకోనివారు, విడాకులైనవారు, పిల్లలు లేనివారు, నిరుడే ఉద్యోగం పోయినవారు, సొంతూళ్లో ఎరువుల దుకాణం నడుపుకుంటున్నవారు ఏం చేస్తారు? పక్కన పడేస్తారు. పంపని 37 మందిలో చాలామంది మౌనానికి బద్ధకం కారణం కాకపోవచ్చు. మీరు కూడా ఆ 37 మందిలో ఒకరే కదా.

అందుకని ఫారం మార్చండి. అడగాల్సినవి ఐదు చాలు. 2001 తర్వాత ఏ ఏడు నుంచి ఏ ఏడు వరకు ఏం చేశారు? అందులో మీరు స్వయంగా చేసిన పని ఒకటి చెప్పండి, అది ఎవరికి పనికొచ్చింది? కెమిస్ట్రీ చదువు ఎక్కడైనా అక్కరకొచ్చిందా? ఇప్పుడు చదువుతున్న పిల్లలకు ఏ విషయంలో సాయపడగలరు? అచ్చు వేయకూడని సంగతి ఏదైనా ఉందా? ఈ చివరి ప్రశ్న తప్పకుండా ఉండాలి. కుటుంబం గురించి 'రాయాలనుకుంటే' అని ఒక గీత వదలండి, అంతే.

అందరికీ ఒకే హద్దు పెట్టండి: 120 మాటలు, ఒక ఫోటో. ఏ4 పేజీలో 12 పాయింట్ల తెలుగులో ఇలాంటివి రెండు హాయిగా పడతాయి. 64 మందికి 32 పేజీలు, అంటే ప్రెస్‌లో పదహారు పేజీల కట్టలు (అచ్చులో వాటినీ 'ఫారాలు' అంటారు) సరిగ్గా రెండు. ఒకరికి రెండు పేజీలిస్తే ఈ లెక్క చెడి మూడో ఫారం మొదలవుతుంది, ఖర్చు పెరుగుతుంది. ఈ సంగతి మీ దాతకు చెప్పడానికి కూడా పనికొస్తుంది.

కొత్త ఫారం గ్రూపులో పడేసి ఊరుకుంటే మళ్లీ ఆ 27 మందే నింపుతారు. మిగిలినవాళ్లకు ఫోన్ చేయాలి. అదీ మీరొక్కరే కాదు, ఒక్కొక్కరితో అప్పట్లో ఎవరికి దగ్గరితనం ఉండేదో వాళ్లచేత చేయించండి. రూమ్మేట్ అడిగితే చెప్పే మాట కమిటీ అడిగితే చెప్పరు. రాయడానికి మొహమాటపడేవారు పది నిమిషాలు మాట్లాడితే చాలు, విన్నది మీరు రాసి చదివి వినిపించండి. అప్పటికీ వద్దన్నవారిని వదిలేయండి. వెనక అట్ట మీద బ్యాచ్ మొత్తం పేర్లు అక్షరక్రమంలో వేస్తే, వివరాలివ్వనివారు కూడా లేకుండా పోరు. ఆ పేరు కూడా వద్దంటే తీసేయడమే మర్యాద.

హోదా కంటే పనికి ఎందుకింత ప్రాధాన్యమంటారా? మీ యూనివర్సిటీలోనే గణితం చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారిని తీసుకోండి. ఆయన నిర్వహించిన పదవులు, అందుకున్న డిగ్రీలు రాస్తే పేజీలు నిండుతాయి. కానీ లోకం ఆయన్ను గుర్తుపెట్టుకున్నది, పాతికేళ్లు నిండీ నిండని వయసులో 1945లో అచ్చయిన ఒక వ్యాసంతో. చేతిలో ఉన్న సమాచారంతో ఒక అంచనాను ఎంతవరకు కచ్చితం చేయగలం, ఆ హద్దు ఎక్కడుందన్నది అందులో ఆయన చూపించారు. 2023లో ఆయనకు 102 ఏళ్ల వయసులో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఇచ్చినప్పుడు చెప్పుకున్నది కూడా ఆ వ్యాసం గురించే. ఏం చేశారన్నది ముందు రావాలి, ఏమయ్యారన్నది తర్వాత.

ఇప్పుడు మీ సంగతి. మీకు మూడు దారులున్నాయి. మీ వివరాలు అసలు వేయకుండా ఉండొచ్చు. అది మీ ఇష్టమే కానీ, అందరి దగ్గరా వివరాలు అడిగిన మనిషి తనవి ఇవ్వలేదని సంచిక చేతికొచ్చిన రోజే అందరూ గమనిస్తారు, కారణం వాళ్లే ఊహించుకుంటారు. రెండోది, 'స్కూల్ అసిస్టెంట్, ఫలానా ఊరు' తరహాలో ఒక్క లైను వేసి ఊరుకోవడం. దానివల్ల ఇబ్బందేమీ లేదు, ప్రయోజనమూ లేదు. మూడోది పూర్తిగా రాయడం. నేనైతే మూడోదానివైపే మొగ్గుతాను. మీ ఉత్తరంలో మీరు పక్కకు నెట్టేసిన సంగతులే దానికి కారణం.

ఒక చోట రాశారు: ఆరేళ్లలో మీ బడి పిల్లలు 11 మందికి ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ (పేదింటి పిల్లలకు ఎనిమిదో తరగతిలో పరీక్ష పెట్టి కేంద్రం ఇచ్చేది) వచ్చిందని, తొమ్మిది మందికి ట్రిపుల్ ఐటీ సీట్లు వచ్చాయని, 'అవి పిల్లల విజయాలు, నావి కావు' అని. సగం నిజం. పరీక్ష రాసింది పిల్లలే, మార్కులు వాళ్లవే. కానీ బడి వేళకు ముందు గంటసేపు వాళ్లను కూర్చోబెట్టింది మీరు, మీ లెక్కల మాస్టారు. ఆ స్కాలర్‌షిప్ ఏడాదికి 12,000 రూపాయలు, తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా నాలుగేళ్లు. చదువు మధ్యలో ఆపకుండా రెన్యూవల్ చేయించుకుంటే ఒక్కొక్కరికి 48,000. పదకొండు మందికి కలిపి 5,28,000 రూపాయలు, కూలి పనుల మీద బతికే ఇళ్లలోకి. 'నా విద్యార్థులు 11 మందిని గెలిపించాను' అని రాస్తే అది గొప్పలు చెప్పుకోవడం అవుతుంది. 'మా లెక్కల మాస్టారితో కలిసి తరగతులు నడిపాను, 11 మందికి వచ్చింది' అని రాస్తే ఉన్నదున్నట్టు ఉంటుంది. పిల్లల పేర్లు, ఫోటోలు మాత్రం వేయకండి. పద్దెనిమిదేళ్లు నిండనివారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలని 2023 నాటి డేటా రక్షణ చట్టం చెబుతోంది. సంచిక వాట్సాప్‌లో ఎక్కడెక్కడికో వెళ్తుంది కూడా.

ఇంకోచోట, ల్యాబ్‌లో బ్యూరెట్లు (ద్రవాన్ని చుక్కలుగా వదిలి కొలిచే గాజు గొట్టాలు) లేక సెలైన్ సెట్ గొట్టంతో టైట్రేషన్ (ఆమ్లం ఎంతుందో క్షారం కలిపి తేల్చే ప్రయోగం) చేయిస్తున్నానని, రంగు మారి తెలిపే ఇండికేటర్‌గా మందార రేకుల రసం వాడుతున్నానని ఒక్క వాక్యంలో రాసేశారు. గొట్టానికుండే చిన్న చక్రాన్ని తిప్పి చుక్క చుక్కగా వదలడం, రంగు మారే చుక్క దగ్గర ఆపడం, మళ్లీ చేసి రెండు రీడింగులు సరిపోయాయో లేదో చూడడం: ఇదంతా క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో అలవడిన చెయ్యి చేసే పని. 2001–2005 మధ్య నేర్చుకున్నది వృథా పోయిందని మీరనుకుంటున్నారు. మీ పదో తరగతి గదిలో అది రోజూ కనబడుతోంది. ఈ సంగతి కచ్చితంగా వేయండి, మీ బ్యాచ్‌లో ఉన్న మిగతా టీచర్లు దాన్ని చూసి చేస్తారు. మెడికల్ షాపులో కొన్న కొత్త సెట్టే వాడాలని, ఆస్పత్రిలో వాడేసింది ముట్టుకోకూడదని కూడా ఒక మాట చేర్చండి.

తొమ్మిదేళ్ల విరామం రాయాలా వద్దా అన్నారు. సంవత్సరాలు దాటేసి రాస్తే ఎవరికీ తెలియదనుకోవద్దు, 2005 నుంచి 2014కు దూకడం కళ్లకు కడుతుంది. సంజాయిషీ చెప్పుకోవాల్సిన అవసరం కూడా లేదు, ఇది ఉద్యోగ దరఖాస్తు కాదు. ఒక్క వాక్యం చాలు. అత్తగారి జబ్బు పేరు మాత్రం వద్దు, అది ఆవిడ ఆరోగ్య విషయం. 'సంరక్షణ' అంటే సరిపోతుంది, ఆ మాట వేసేముందు మీవారికి ఒకసారి చూపించండి.

నమూనాగా, మీరు రాసిన వివరాలతోనే:

"2001 నుంచి 2005 వరకు హైదరాబాద్‌లో ఒక బల్క్ డ్రగ్ కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో, మందుల స్వచ్ఛత చూసే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద పనిచేశాను. 2005–2014 ఇల్లు, పిల్లలు, అత్తగారి సంరక్షణ. ఆ మధ్యలోనే బీఈడీ చేశాను. తర్వాత జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాను. 2020 నుంచి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. మా లెక్కల మాస్టారితో కలిసి ఎనిమిదో తరగతికి ఎన్‌ఎంఎంఎస్ తరగతులు నడుపుతున్నాను, ఇప్పటికి 11 మందికి స్కాలర్‌షిప్ వచ్చింది. బ్యూరెట్లు లేని బళ్లలో సెలైన్ సెట్‌తో టైట్రేషన్ ఎలా చేయించాలో తెలుసుకోవాలనుకునే టీచర్లు నాకు ఫోన్ చేయొచ్చు."

ఇది హద్దులోనే ఉంది. ఇందులో గొప్పలు చెప్పే విశేషణం ఒక్కటి కూడా లేదు. ఎవరి వివరాలు సరిదిద్దేటప్పుడైనా అదే పద్ధతి పాటించండి: 'విశిష్ట సేవలు', 'అత్యున్నత శిఖరాలు' లాంటి మాటలు తీసేస్తే మిగిలేదే అసలు సమాచారం. ఏమీ మిగలకపోతే ఫోన్ చేసి అడగాలని అర్థం.

వచ్చిన పెద్ద మాటల దగ్గరకొద్దాం. వాటిలో చాలావరకు అబద్ధాలు కాకపోవచ్చు, ఏ పేరుతో పిలవాలో తెలియక రాసినవి కావచ్చు. నిలదీసినట్టు కాకుండా, 'ఏ సంవత్సరం, ఎవరిచ్చారు, నంబరెంత' అని అందరినీ ఒకేలా అడగండి. పది పేటెంట్ల మిత్రుడు ఫార్మా ఆర్ అండ్ డీలో ఉన్నారు కాబట్టి అక్కడి తీరు తెలియాలి. దరఖాస్తు చేయడం వేరు, మంజూరు కావడం వేరు. సాధారణంగా 18 నెలలకు దరఖాస్తు ప్రచురితమవుతుంది, దాన్నే చాలామంది పేటెంట్ వచ్చిందనుకుంటారు. నంబరు ముందు డబ్ల్యూఓ అని ఉంటే అది అంతర్జాతీయ దరఖాస్తు మాత్రమే, ఆ పేరుతో పేటెంట్ ఎవరూ ఇవ్వరు. ఒకే తయారీ విధానానికి ఇండియా, అమెరికా, యూరప్‌లలో వేసిన దరఖాస్తుల్ని మూడుగా లెక్కపెట్టుకోవడమూ మామూలే. పైగా హక్కు కంపెనీది, మన మిత్రుడు ఆవిష్కర్తల్లో ఒకరు. ఆయన గౌరవం తగ్గకుండా 'మూడు తయారీ విధానాల పేటెంట్లలో సహ ఆవిష్కర్త' అని వేయొచ్చు, సంఖ్య ఆయనిచ్చే నంబర్లను బట్టి. భారత పేటెంట్ కార్యాలయం వెబ్‌సైటులో ఆవిష్కర్త పేరుతో ఉచితంగా వెతకొచ్చు. ఇంకా బయటపడని మాలిక్యూల్ పేరు, కస్టమరు పేరు ఆయన రాసిచ్చినా తీసేయండి, కంపెనీతో ఉన్న గోప్యతా ఒప్పందం వల్ల ఆయన ఉద్యోగానికే చిక్కు రావచ్చు.

అగ్రశ్రేణి 2 శాతం అనేది అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఇచ్చే అవార్డు కాదు. అక్కడి ఆచార్యుడు జాన్ అయోనిడిస్ బృందం స్కోపస్ అనే పరిశోధన పత్రాల డేటాబేస్ నుంచి, ఉల్లేఖనల (ఒకరి పత్రాన్ని ఇతరులు ఎన్నిసార్లు ప్రస్తావించారన్న) లెక్కతో తయారుచేసే పట్టిక. అందులో మొత్తం వృత్తి జీవితానికి ఒకటి, ఒక్క ఏడాదికి ఒకటి రెండు వేర్వేరు జాబితాలుంటాయి. 'ఫలానా ఏడాది జాబితాలో చోటు' అని రాస్తే సరిగ్గా ఉంటుంది. పోస్ట్ డాక్టరల్ అనేది పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం, దానికి పట్టా ఉండదు. అలాగే అమెరికన్ బ్యాంకుల్లో వైస్ ప్రెసిడెంట్ అంటే మధ్యస్థాయి హోదా, తెలుగులో 'ఉపాధ్యక్షులు' అని అనువదిస్తే చదివేవాళ్లు మరోలా అర్థం చేసుకుంటారు. ఎవరికైనా పద్మ పురస్కారం వచ్చి ఉంటే వివరాల్లో రాయండి, పేరుకు ముందు తగిలించకండి. అవి బిరుదులు కావని, పేరుకు ముందూ వెనకా వాడకూడదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది.

దాత విషయంలో ఒక్కసారిగా కాదనడం మీకు కష్టమని తెలుసు. ఆయన కోరినట్టు మొదటి రెండు పేజీలిస్తే సంచిక సులువుగా బయటకొస్తుంది, మిగతావాళ్ల చేతుల్లో అది ఆయన కరపత్రంలా ఉంటుంది. పూర్తిగా కాదంటే డబ్బు వెనక్కి పోవచ్చు. మధ్యే మార్గం ఉంది: ఆయన వివరాలు అందరిలాగే 120 మాటల్లో, అక్షరక్రమంలో. విడిగా వెనక అట్ట లోపలివైపు ఆయన సంస్థ ప్రకటన, ముందు అట్ట లోపలివైపు 'ఈ సంచిక ముద్రణకు ఆర్థిక సహకారం' అంటూ ఆయన పేరు. ప్రకటనలో ఆయన ఏం వేసుకున్నా అది ఆయన మాటే, సంచిక మాట కాదు. గౌరవ డాక్టరేట్ తీసుకున్నవారు పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోకపోవడం విద్యాలోకంలో ఉన్న పద్ధతి. మీ బ్యాచ్‌లో ఐదారేళ్లు ల్యాబ్‌లో కష్టపడి పీహెచ్‌డీ తెచ్చుకున్నవాళ్లున్నారు, వాళ్ల పక్కన ఇదీ అదే అన్నట్టు ఉండకూడదు. 'ఫలానా సంవత్సరం ఫలానా సంస్థ నుంచి గౌరవ డాక్టరేట్' అని వివరాల్లో వేయండి. ఇక ఈ మాట ఆయనకు మీరు చెప్పొద్దు. ముగ్గురితో సంపాదక బృందం వేయించి, నియమాలు రాసి గ్రూపులో పెట్టించండి. అప్పుడది మీకూ ఆయనకూ మధ్య తగాదాగా మారదు.

ఆ బృందం ఏర్పడితే 'వదిలెయ్' అన్న మీవారి మాటకూ జవాబు దొరుకుతుంది. బృందం వేయడానికి ఎవరూ ముందుకు రాకపోతే మాత్రం, సేకరించినవన్నీ ఒక ఫోల్డరులో పెట్టి అప్పగించి తప్పుకోండి. ఒంటరిగా మోయాల్సిన పని కాదిది.

డబ్బు సంగతి ఈ వారమే తేల్చండి. మీరు ప్రభుత్వ ఉద్యోగి. ముందస్తు అనుమతి లేకుండా చందాలు వసూలు చేయకూడదని 1964 ప్రవర్తనా నియమాల్లో ఉంది. రేపు ఎవరైనా చిన్న ఫిర్యాదు రాస్తే మీ ఫోన్‌పే చరిత్రే సాక్ష్యమవుతుంది. వచ్చినంతా లెక్క రాసి, ప్రభుత్వోద్యోగి కాని ఇద్దరి ఉమ్మడి ఖాతాకు బదిలీ చేసి, ఆ రసీదు గ్రూపులో పెట్టండి. విదేశీ పౌరసత్వం తీసుకున్న మిత్రులు డాలర్లలో పంపుతామంటే సంచికకు వద్దనండి. భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా వాళ్లిచ్చేది విదేశీ విరాళం కిందికే వస్తుంది, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం తీసుకోకూడదు. భారత పాస్‌పోర్టుతో అక్కడ పనిచేస్తున్నవారికి ఈ చిక్కు లేదు.

చనిపోయిన ఇద్దరికీ విడిగా 'నివాళి' పేజీ వద్దు. అందరి మధ్యనే, అక్షరక్రమంలో వాళ్ల చోట వాళ్లుండాలి. కుటుంబంతో పరిచయమున్న ఒకరే ఫోన్ చేయాలి, గ్రూపు నుంచి నలుగురు నాలుగుసార్లు చేయకూడదు. జనన మరణ సంవత్సరాలు, చేసిన పని, ల్యాబ్‌లోనో హాస్టల్లోనో గుర్తున్న ఒక సంగతి చాలు. ఎలా పోయారన్నది అడగొద్దు, రాయొద్దు. రాసినది అచ్చుకు ముందు కుటుంబానికి పంపాలి. వాళ్లు వద్దంటే పేరు, సంవత్సరాలు మాత్రమే వేయండి.

చివరగా అచ్చు. ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పోతుంది, 'డాక్యుమెంట్'గా పంపమనండి. వివరాలు మీకు యూనికోడ్‌లో (ఫోన్లలో టైపు చేసే తెలుగులో) వస్తాయి. మీ ప్రెస్ వాళ్లు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో 'అను' అనే పాత తరహా తెలుగు ఫాంట్లతో పనిచేస్తుంటే దాన్ని మార్చుకుంటారు. ఆ మార్పిడిలో కొన్ని ఒత్తులు జారిపోతాయి, మధ్యలో ఉన్న ఇంగ్లిష్ అక్షరాలు పిచ్చిగీతలవుతాయి, రసాయన ఫార్ములాల్లో కిందికి ఉండాల్సిన అంకెలు పైకొస్తాయి. అందుకని మీరు పంపిన ఫైలు కాదు, మార్పిడి తర్వాత పేజీల్లో పెట్టిన ప్రూఫే చూడాలి. ఎవరి పేజీ వారికి ఫోటో తీసి పంపి, రెండు రోజుల గడువిచ్చి, 'సరే' అని రాతపూర్వకంగా తీసుకోండి. పేర్లు, సంవత్సరాలు, ఫోన్ నంబర్లు ఈ మూడింటినీ మాత్రం మరొకరు గట్టిగా చదువుతుంటే మీరు వేలు పెట్టి సరిచూడండి. డిసెంబరు సమావేశమంటే నవంబరు మొదటి వారానికి పేజీలు ప్రెస్‌కు చేరాలి. కాబట్టి కొత్త ఫారం ఇప్పుడే వెళ్లాలి, దానితోపాటు నమూనాగా మీ 120 మాటలూ వెళ్లాలి.